వస్తున్నామని చెప్పు

అలాస్కాలో జూనో రేవులో ఫోన్ డబ్బా ముందు నిలబడి యలమంద అప్పటికి రెండుసార్లు నంబరు తప్పు నొక్కాడు. కార్డు మీద అంకెలు మరీ సన్నం. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గుంటూరులో స్వెట్టర్లమ్మే నేపాలీల దగ్గర కొన్న ఉన్ని తొడుగులు వేసుకుంటే మీటలు పడవు, తీసేస్తే వేళ్ళు పనిచేయవు. ఈ వైభోగానికి ఏడు సముద్రాలు దాటి రావాలా అని పొద్దుటి నుంచి విసుక్కుంటూనే ఉన్నాడు.

"మీ షాపుకి ఒకసారి ఫోన్ చేయమన్నారండీ, అర్జంటంట," అని టిఫిన్ల దగ్గర చెప్పాడు ఇలియాస్. పురుగుమందుల కంపెనీలో ఆఫీసరు, చీరాల మనిషి. ఆ ఏడు మందు ఎక్కువ అమ్మిన పద్దెనిమిది మంది డీలర్లను పెళ్ళాం పిల్లలతో సహా ఓడెక్కించి, అలాస్కా మంచుకొండలు చూపించి తీసుకురమ్మని కంపెనీ అతన్ని తోడిచ్చి పంపింది. ఫోన్ కార్డు కూడా అతనిదే. నాలుగడుగుల దూరంలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు.

మూడోసారికి మోగింది.

"రంజాన్, ఏందయ్యా అంత అర్జంటు?"

రంజాన్ చిలకలూరిపేట షాపులో ఇరవయ్యేళ్ళుగా గుమాస్తా. నోరు తెరిస్తే ఆపడు. అలాంటివాడు అవతల గొంతు సవరించుకుని ఒక్క ముక్కతో సరిపెట్టాడు.

"మీ బావమరిదికి కొంచెం సీరియస్‌గా ఉందండీ."

యలమందకి అర్థమైపోయింది. మనవాళ్ళు ఫోన్లో చావు కబురు చెప్పరు. సీరియస్ అంటారు. విన్నవాడు అర్థం చేసుకుని బట్టలు సర్దుకోవాలి.

"ఎప్పుడు?"

"సాయంత్రం ఆరింటికండీ. గుంటూరు తీసుకెళ్తుంటే దోవలోనే. మధ్యాహ్నం చేలో మందు కొట్టి వచ్చాడంట. నోట్లోంచి చొంగ కారుతుంటే వడదెబ్బనుకుని మజ్జిగ తాగించారు. ఆలస్యమైపోయింది." రంజాన్ గొంతు తగ్గించాడు. "రెండు రకాల మందులూ కలిపి కొట్టాడండీ. మీరు పంపించినయ్యే."

పంపించినవి పదకొండు పెట్టెలు. కంపెనీవాళ్ళు వచ్చి గోడౌన్ చూస్తారు, సరుకు మిగిలి ఉందంటే ఓడ లేదు. అందుకని వాళ్ళు వచ్చే ముందురోజు మిగిలిన పెట్టెలను చుట్టాల ఇళ్ళకు తరలించడం పేటలో డీలర్లందరికీ అలవాటే. ఒకడు అత్తగారింటికి తోలతాడు, ఇంకొకడు వియ్యంకుడింటికి. యలమంద ట్రాక్టరు మీద బావమరిది వీరబాబు ఇంటికి తోలాడు. "ఊరికే తీసుకోరా, నీ పత్తికి కొట్టుకో. రెండూ కలిపి కొట్టు, పురుగన్నది ఉంటే నన్నడుగు" అని తన నోటితోనే చెప్పాడు. బావ చెప్పిన మాట. ఊరికే వచ్చిన మందు. వీరబాబు వారానికి రెండు తడవలు కొట్టాడు. డ్రమ్ములో చెయ్యి మోచేతి దాకా పెట్టి కలిపి, పంచె ఎగ్గట్టి, మూతికి తువ్వాలు చుట్టుకుని, వీపున ట్యాంకు మోస్తూ.

"వింటున్నారా అండీ? అక్క చూడకుండా ఎత్తడానికి వీల్లేదంటున్నారు వాళ్ళావిడ సామ్రాజ్యంగారు. ఐసు దిమ్మెలు తెప్పించాం. ఎల్లుండి దాకా ఎట్టాగైనా ఉంచుతాం అంటున్నారు ఊళ్ళోవాళ్ళు. ఏం చెప్పమంటారు?"

యలమంద వెనక్కి తిరిగి చూశాడు. రేవు చెక్కల మీద కోటిరత్నం గద్వాల చీరకింద బూట్లు వేసుకుని, తలకి కోతిటోపీ పెట్టుకుని, కూతురు జ్యోతిర్మయి ఫోటో తీస్తుంటే నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది. వీరబాబు ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే తను పదేళ్ళ పిల్లప్పుడు చంకనేసుకుని పెంచింది.

చెప్తే ఇక్కడే కూలబడిపోతుంది. అది ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. వెళ్తే ఆ వాకిట్లో కారు దిగాలి. వసారాలో ఇంకా మిగిలిన పెట్టెల పక్కనుంచి నడవాలి. ఊరు ఊరంతా తన మొహంలోకి చూస్తుంది.

"వస్తున్నామని చెప్పు," అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి ఇలియాస్ దగ్గరికొచ్చాడు. అతనికి పొద్దున్నే తెలుసు. "ఇక్కణ్ణుంచి మధ్యాహ్నం సియాటిల్‌కి విమానం ఉందండీ. అందుకుంటే ఎల్లుండి మధ్యాహ్నానికి పేటలో ఉంటారు. టిక్కెట్ల సంగతి నేను చూస్తా."

"వద్దు. రేపు ఆ కొండేదో చూశాక నేనే చెప్తాలే."

"అమ్మగారికి తోడబుట్టినవాడు కదండీ..."

"నాకు తెలియదా ఇలియాస్? నువ్వు నోరు మూసుకుని ఉండు, చాలు."

ఇలియాస్ మొహం మాడ్చుకుని ఫోన్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. డీలర్ మీద గొంతెత్తే ఉద్యోగం కాదది.

గదికి వెళ్ళి యలమంద స్నానాల గదిలో వేడినీళ్ళు తిప్పి నెత్తి మీదుగా పోసుకున్నాడు. అబద్ధమాడిన నోరే గానీ, మైల మాత్రం మైలే. తుడుచుకుంటూ బయటికొస్తే కోటిరత్నం గదిలో ఉంది.

"ఈ చలిలో తలమీద పోసుకున్నారేంటండీ? జలుబు చెయ్యదూ?"

"తల దురదగా ఉంది."

ఆమె ఒక నిమిషం ఆయన తడి జుట్టు వైపు చూసింది. తరవాత తువ్వాలు అందుకుని, "వంగండి," అని తనే తుడిచింది.

మధ్యాహ్నం ఓడ కదిలింది. భోజనాల హాల్లో తెలుగువాళ్ళందరూ ఒకవైపు చేరి పచ్చళ్ళ సీసాలు తీశారు. నరసరావుపేట డీలరు కోడి తొడ ఊపుతూ, "ఏందన్నా, కోడి కనపడితే వదిలేవాడివి కాదు, ఇవ్వాళ పెరుగన్నం పిసుకుతున్నావు? మొదటి బహుమతి వచ్చేసరికి సన్నాసివైపోయావా ఏంది?" అని అరిచాడు. అందరూ నవ్వారు. యలమంద కూడా పళ్ళు బయటపెట్టాడు.

కోటిరత్నం గోంగూర ముద్ద ఆయన పళ్ళెంలో పెట్టింది. "మా సామ్రాజ్యం నూరింది. కొంచెం కలుపుకోండి, ఆ పెరుగేం దిగుతుంది. రంజాన్ ఏమన్నాడు?"

"ఏముంది. స్టాకు సంగతి."

"మా వాడు షాపుకేమన్నా వచ్చాడంటా? మనం బయల్దేరిన రోజు కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఒకసారి కనుక్కోకపోయారా?"

"ఎండకి తిరిగుంటాయిలే. ఊరికే బెంగపెట్టుకోమాక."

ఆమె ఇంకేం అడగలేదు. గోంగూర ముద్దని యలమంద పళ్ళెం అంచుకి తోసి, దాని మీద చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఏడింటికే ఓడలో ప్రయాణికుల విచారణ గది దగ్గరికి వెళ్ళి ఇలియాస్ చేత ఫోన్ కలిపించాడు. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర.

"ఎక్కడిదాకా వచ్చారండీ?" అన్నాడు రంజాన్. వెనక ఏడుపులు వినపడుతున్నాయి.

"ఎయిర్‌పోర్టులో ఉన్నాం."

"ఐసు నిలవట్లేదండీ ఈ ఉక్కకి. ఊక పోసి గోనెలు కప్పాం. రేపు పొద్దునకి ఇంకో నాలుగు దిమ్మెలు చెప్పాం. అమ్మగారెట్టా ఉన్నారు?"

"ఉంది. ఏడుస్తా ఉంది," అన్నాడు యలమంద. అంత అబద్ధం ఆడగలనని తనకే తెలియదు. ఆ క్షణంలో కోటిరత్నం మూడంతస్తుల పైన కూతురికి జడ వేస్తోంది.

తొమ్మిదిన్నరకి మైకులో ఏదో చెప్పారు. జనం అంతా పై డెక్కు మీదికి ఎగబడ్డారు. ఓడ కొండల మధ్య సన్నటి నీటిదోవలో, నడిచే మనిషంత నెమ్మదిగా పోతోంది. నీళ్ళ మీద ఐసు ముక్కలు తేలుతూ ఓడకి తగిలి టకటకమంటున్నాయి. మలుపు తిరగగానే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఎదురుగా రెండు కొండల నడుమ గోడలాగా నిలబడి ఉంది మంచు. తెలుపు కాదు, నీలం. మధ్యలో నల్లటి చారలు, మట్టో రాళ్ళో. ఎంత ఎత్తో చెప్పడానికి పక్కన చెట్టన్నా లేదు.

"అమ్మా, అదంతా మంచు నదేనంట! రోజూ కొంచెం కొంచెం కదులుతుందంట," అంది జ్యోతిర్మయి. ఇంటరు రెండో ఏడు చదువుతోంది. పుస్తకంలో చూసింది కళ్ళెదురుగా కనపడేసరికి కెమెరా దించడం లేదు ఆ పిల్ల.

కోటిరత్నం టోపీ తీసేసి రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత జన్మెత్తినందుకు ఇది చూశానండీ. వీరబాబుని తేవాల్సింది. చెరువులో నీళ్ళు చూస్తేనే గంతులేసేవాడు చిన్నప్పుడు," అంది. "జ్యోతీ, మామయ్య కోసం బాగా తియ్యి. ఆ నీలం రంగు పడాలి."

యలమందకి నీలం కనపడలేదు. ఆ నల్లచారలు చూస్తుంటే ఊక అంటుకున్న దిమ్మెలే కనపడ్డాయి. ఐసు ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో వేసుకొచ్చి, గోనెపట్టా తీసి, వీరబాబు పక్కన పేర్చి ఉంటారు. కడ్డీ పట్టుకున్నాడు.

"అన్నా, రావయ్యా మధ్యలోకి! నువ్వు లేకపోతే ఫోటో ఏంది?" నరసరావుపేట డీలరు చెయ్యి పట్టి లాగాడు. పద్దెనిమిది మందీ కంపెనీ టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఇలియాస్ బ్యానరు విప్పాడు. దాని మీద పత్తికాయ, పత్తికాయ పక్కన మందు సీసా, సీసా అంత పెద్దగా దాని పేరు. ఫస్టు వచ్చిన డీలరు మధ్యలో పట్టుకోవాలి. యలమంద పట్టుకున్నాడు. వెనక మంచుకొండ. బ్యానరు గాలికి ఉబ్బి ఎగురుతుంటే గడ్డం కింద ఆనించి పట్టుకోమన్నారు. ఆనించి పట్టుకున్నాడు.

"నవ్వండి యలమందగారూ," అనాల్సిన ఇలియాస్ ఆ మాట అనలేదు. తలొంచుకుని మీట నొక్కేశాడు.

అప్పుడు విరిగింది. ముందు గోడలోంచి ఇల్లంత పెళ్ళ జారి నీళ్ళలో పడటం కనపడింది. కాసేపటికి చప్పుడొచ్చింది, పిడుగు పడ్డట్టు. ఓడంతా కేకలు, చప్పట్లు. కోటిరత్నం ఆయన భుజం గట్టిగా పట్టుకుంది, చిన్నపిల్లలాగా. యలమంద ఆ చెయ్యి మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. భోజనం చేశాక చెబుదాంలే అనుకున్నాడు. భోజనమయ్యాక, కాస్త పడుకుని లేచాక అనుకున్నాడు.

సాయంత్రం ఆరున్నరకి కోటిరత్నం ఆయన్ని ఓడలోని కొట్టుకి తీసుకెళ్ళింది. ఉన్ని బట్టల దొంతరల్లోంచి ఆకుపచ్చ స్వెట్టరొకటి లాగి, అటూ ఇటూ తిప్పి, కుట్లు లాగి చూసింది.

"పొలం కాపలాకి పుష్యమాసంలో పనికొస్తుంది. వాడూ మీరూ ఒకటే కొలత. ఏదీ, ఒకసారి తొడగండి."

"నాకెందుకే ఇప్పుడు..."

"మీకు కాదు మహానుభావా, వాడికి. చేతులు సరిపోతాయో లేదో చూద్దాం."

ఒక చెయ్యి దూర్చింది తనే. రెండో చేతిని పట్టుకుని వంచబోయింది. యలమంద చెయ్యి బిగుసుకుపోయింది. పోయినవాడికని కొంటున్న బట్ట ఒంటిమీదికి వస్తోంది. ఆయన ఒక్కసారి స్వెట్టరు లాగి కింద పడేసి గోడకి ఆనుకున్నాడు.

"రత్నం, వీరబాబుకి కొంచెం సీరియస్‌గా ఉందంట."

కోటిరత్నం కిందపడ్డ స్వెట్టరు తీసింది. దులిపింది. మడత పెట్టింది. మడతల మీద చెయ్యి రాసుకుంటూ చాలాసేపు నిలబడింది. తిరిగి దొంతరలో పెట్టాక అడిగింది.

"ఎప్పుడు పోయాడు?"

ఆయన చెప్పాడు. మొదలెట్టాక ఆపలేకపోయాడు. మందు సంగతి, ఐసు సంగతి, నిన్న మధ్యాహ్నం విమానం సంగతి, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

"నిన్న మీరు తలమీద పోసుకున్నప్పుడే అనుకున్నా, ఎవరో పోయారని," అంది. "మీ పెదనాన్న అనుకున్నా. ఆయన మంచానపడి ఉన్నాడుగా. నా సరదా పాడవుతుందని ఈ మనిషి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు, నేను గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా బాధపడతాడని, తెలియనట్టు ఉన్నా. ఇవ్వాళ ఆ కొండకి దణ్ణం పెట్టింది కూడా మీ పెదనాన్న కోసమే. మీ కోసమని నవ్వానండీ, రెండు రోజుల నుంచీ."

"రత్నం, నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనని కాదు. అక్కడ నలుగురూ మిమ్మల్ని చూస్తారని." గొంతు పెంచలేదు. "వాడికి సగం నేనూ పోశాను విషం. తమ్ముడూ, ఆ పెట్టెలు పెట్టించుకోరా, బావకి సాయం అని ఫోన్ చేసింది నేనేగా. పదండి, సామ్రాజ్యంతో మాట్లాడాలి."

విచారణ గది ముందు పొడుగాటి బల్ల, దాని మీద ఫోన్. వెనక తెల్లవాళ్ళు నలుగురు ఏవో కాగితాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఇలియాస్ పరుగెత్తుకొచ్చి వీరబాబు ఇంటి నంబరు కలిపి, రిసీవర్ రెండు చేతులతో ఆమెకిచ్చాడు. యలమంద పక్కనే నిలబడ్డాడు. అక్కడ తెల్లారి ఎనిమిదైంది. గొంతులు బయటికే వినపడుతున్నాయి.

"వదినా!" సామ్రాజ్యం గొంతు బొంగురుపోయి ఉంది. "ఎక్కడున్నారు వదినా? హైదరాబాదులో దిగారా? ఏ టైముకొస్తారు? దిమ్మెలొచ్చినయ్యి, పేరుస్తున్నారు. మొహం మారిపోతా ఉంది వదినా, తొందరగా రా. అక్క వచ్చిందాకా నేను తీయనివ్వనని చెప్పా అందరికీ."

కోటిరత్నం బల్ల అంచు పట్టుకుంది.

"మేం బయల్దేరలేదమ్మా," అంది.

"ఏందీ?"

"ఓడలోనే ఉన్నాం. నాకిప్పుడే తెలిసింది. ఇప్పుడు బయల్దేరినా ఇంకో మూడు రోజులు. వాణ్ణి ఇంకా అట్టా ఉంచమాక సామ్రాజ్యం. చాలు."

అవతల ఎవరో దిమ్మె కింద పెట్టిన చప్పుడైంది. "అయితే నువ్వే చెప్పు వదినా," అంది సామ్రాజ్యం. "ఇందాకా నీ కోసమే ఆపా. నువ్వే చెప్పు, నేను చెప్పలేను."

కోటిరత్నం వంగి బూట్ల తాళ్ళు విప్పింది. ముడి ఊడి రాలేదు, కాళ్ళతోనే లాగేసింది. చల్లటి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, కొంగు నిండుగా కప్పుకుంది. వరసలో ఉన్న తెల్లావిడ ఒకామె చూసి నవ్వబోయి మానుకుంది.

"ఎత్తండి," అంది.

అని, వెంటనే, "ఫోన్ పెట్టెయ్యమాక. గడప దగ్గర పెట్టు. నేనుంటా," అంది.

పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని చెవికి గట్టిగా ఆనించుకుంది. బిందెల చప్పుడు. "నీళ్ళు పోస్తున్నారు," అంది, ఎవరికో చెప్తున్నట్టు. కాసేపటికి ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా లేచింది. "పసుపు రాశారు... కొత్తబట్ట కప్పుతున్నారు... అయ్యో నాయనా, నా చేత్తో పెంచానురా నిన్ను, ఆ చేత్తోనే..." ఆమె అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. డప్పులు మొదలయ్యాయి. "గడప దాటించారు," అంది. పట్టుకోబోయిన యలమంద చేతిని చూడకుండానే తోసేసింది. డప్పులు వీధి మలుపు దాకా వినపడి, పలచబడి, ఆగిపోయాయి. వెనక వరసలో వాళ్ళు ఎవరూ కదల్లేదు. వాళ్ళకేం అర్థమైందో గానీ ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

చాలాసేపటికి కోటిరత్నం కళ్ళు తెరిచింది.

"రత్నం, పెట్టెయ్యి ఇక. గదికి పోదాం," అన్నాడు యలమంద.

ఆమె రిసీవర్ ఆయన చేతిలో పెట్టింది.

"మీరు పెట్టండి. పిల్ల పైన ఎదురుచూస్తా ఉంది, మామయ్య కోసం తీసిన ఫోటోలన్నీ చూపిద్దామని. దానికి నేను చెప్తా. మీరు చెప్పరు."

వట్టి కాళ్ళతోనే మెట్ల వైపు వెళ్ళిపోయింది. యలమంద రిసీవర్ చెవికి పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరో నీళ్ళు కుమ్మరించి, వసారా అంతా చీపురుతో కడుగుతున్నారు. చీపురు గడప దగ్గరికొచ్చి ఆగింది.

"హలో," అంది ఎవరో ముసలామె. "ఎవరు నాయనా ఫోన్లో? ఎవరు కావాలి?"

యలమంద నోరు తెరిచాడు. తన పేరు చెప్పడానికి ధైర్యం చాల్లేదు.